స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య
(ఆలయ ఆరోగ్య సదస్సులో ఒక వాలంటీరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మీలో చాలామంది అర్చన టికెట్ల కంప్యూటరు దగ్గర చూసే ఉంటారు. ప్రింటరు ఆగిపోతే పిలిచేది నన్నే. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. పొద్దుటి నుంచి బీపీ గురించి, షుగరు గురించి, గుండె గురించి డాక్టర్లు చక్కగా చెప్పారు. నాకిచ్చిన అంశం వేరు. మెదడులో అరుదైన కణితి ఉన్నప్పుడు, అది పెరుగుతోందా లేదా అని ఏళ్ల తరబడి స్కాన్లతో కనిపెట్టుకుని ఉండడం ఎలా అన్నది. ఆ పని నేను 2021 నుంచి చేస్తున్నాను. కణితి నాదే.

ఈ మాట ఇంతమందిలో చెప్పడం దేనికని ఇంట్లో అడిగారు. కారణం ఉంది. గడిచిన ఏడాదిలో మన ఆలయ కుటుంబాలవాళ్లే ఇద్దరు నన్ను పార్కింగ్‌లో పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఒకే రకం ప్రశ్నలడిగారు. ఒకరికి తమ్ముడి గురించి, ఒకరికి కూతురి గురించి. "ఎవరితోనూ అనకు బాబూ" అన్నారు. అనలేదు. కానీ ఆ ప్రశ్నలకు జవాబులు మాత్రం అందరికీ పనికొస్తాయి. నేను చెప్పేది మీ డాక్టరు మాటకు బదులు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే.

మొదట పేరు తెలుసుకోండి

"బ్రెయిన్ ట్యూమర్" అనేది ఒక జబ్బు పేరు కాదు. అందులో వందకు పైగా రకాలున్నాయి. మెనింజియోమా చాలామందిలో నెమ్మదైనది. గ్లయోబ్లాస్టోమా నెలల్లో మనిషిని లొంగదీస్తుంది. మాట ఒకటే కదా అని ఒకరి కథ తెచ్చి ఇంకొకరికి చెప్పకూడదు.

నాది ఆలిగోడెండ్రోగ్లయోమా, రెండో గ్రేడు. 1929లో పెర్సివల్ బెయిలీ, పాల్ బూసీ అనే ఇద్దరు దీని మీద వివరంగా రాశారు. అమెరికా మొత్తం మీద ఏడాదికి సుమారు 1,200 మందికి వస్తుంది. ఒకప్పుడు మైక్రోస్కోపు కింద కణాల ఆకారం చూసి పేరు పెట్టేవాళ్లు. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో జన్యువుల గుర్తులు కూడా చేరాయి. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉండాలి. ఒకటో క్రోమోజోములో ఒక భాగం, పంతొమ్మిదో దానిలో ఒక భాగం రెండూ పోయి ఉండాలి. అప్పుడే ఈ పేరు పెడతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎన్నాళ్లకోసారి స్కాన్ తీయాలి, మందు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ మందు పనిచేస్తుంది అన్నవన్నీ ఈ పేరు మీదే ఆధారపడతాయి. సర్జరీ అయినవాళ్లు పాథాలజీ రిపోర్టు పూర్తి ప్రతిని, జన్యు పరీక్షల పేజీలతో సహా, ఇంట్లో పెట్టుకోండి.

"అంటే మందే లేదా నాన్నా?"

ఆఫీసులో ఉండగా ఫిట్స్ వచ్చి నా కణితి బయటపడింది. సర్జరీలో చాలాభాగం తీశారు. మాటకు సంబంధించిన చోటికి ఆనుకుని ఉన్న ముక్కను వదిలేశారు. అది కూడా తీస్తే మాట పోయే ప్రమాదం ఉంది. తర్వాత డాక్టరుగారు, ఇప్పుడే రేడియేషన్, కీమో వద్దు, స్కాన్లతో కనిపెట్టి చూద్దాం అన్నారు. ఆ సంగతి చెప్పగానే తెనాలి నుంచి మా అమ్మ ఫోన్లో అడిగిన మొదటి మాట, "అంటే మందే లేదా నాన్నా?" అని.

మందు ఉంది. రేడియేషన్, కీమో ఈ కణితి మీద బాగా పనిచేస్తాయి. కానీ మెదడుకు రేడియేషన్ ఇస్తే ఏళ్లు గడిచాక జ్ఞాపకశక్తి మీద, ఆలోచనలో చురుకు మీద దెబ్బ తగలొచ్చు. కణితి నెమ్మదిగా ఉండి, మనిషి వయసులో ఉంటే, ఆ ఖర్చు ఇప్పుడే పెట్టడమా, కొన్నేళ్లు ఆగి పెట్టడమా అని లెక్క వేస్తారు. అంతేగాని వదిలేయడం కాదు. అందరికీ ఇదే దారి అని కూడా కాదు. గ్రేడు, వయసు, మిగిలిన ముక్క సైజు బట్టి కొందరికి వెంటనే చికిత్స మొదలుపెడతారు.

స్కాన్‌లో చూసేది ఏమిటి

ఎమ్మారైలో ఎక్స్‌రే ఉండదు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు, మన ఒంట్లోని నీళ్లలో ఉండే హైడ్రోజన్ కలిసి బొమ్మ గీస్తాయి. ఈ పద్ధతికి దారి వేసిన పాల్ లాటర్బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ వచ్చింది. కాబట్టి "ఇన్నిసార్లు తీస్తే రేడియేషన్ పేరుకుపోదా?" అనే భయం ఎమ్మారైకి వర్తించదు. సీటీ స్కాన్‌కి వర్తిస్తుంది. రెండూ వేరు.

ఒక్కో విడతలో చాలా రకాల బొమ్మలు తీస్తారు. నాలాంటివాళ్లకు ముఖ్యమైనవి రెండు. ఫ్లెయిర్ అనే దానిలో కణితి ఉన్న చోటు తెల్లగా కనబడుతుంది. అది ఎంత మేర ఉందో కొలుస్తారు. రెండోది చేతి నరంలో గాడోలినియం అనే రంగుమందు ఎక్కించి తీసేది. ఇంతకు ముందు లేని చోట ఆ రంగు పట్టిందంటే కణితి స్వభావం మారుతోందేమోనని అనుమానిస్తారు.

గాడోలినియం గురించి కొందరు అడిగారు. దాని అంశ కొంత ఒంట్లో, మెదడులో కూడా మిగిలిపోతుందని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక చేర్చింది. కిడ్నీలు బాగున్నవాళ్లలో దానివల్ల హాని జరిగినట్టు తేలలేదని కూడా అదే చెప్పింది. ఏ రకం వాడుతున్నారు, తక్కువ మిగిలే రకమేనా, ఈసారి నిజంగా అవసరమా అని అడగడం మీ హక్కు. భయంతో స్కాన్ మానుకోవడం మాత్రం మంచిది కాదు.

సర్జరీ అయిన ఒకటి రెండు రోజుల్లో ఒక స్కాన్ తీస్తారు. ఆ తర్వాత మామూలుగా మూడు నాలుగు నెలలకోసారి, కొన్నేళ్లు స్థిరంగా ఉంటే ఆరు నెలలకోసారి. "ఇంక చాలు" అనే రోజు మాత్రం రాదు. రిపోర్టులో "స్థిరంగా ఉంది" అని వస్తే అది మంచి వార్త. "తగ్గిపోయింది" అని దానర్థం కాదు. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి. లేకపోతే మంచి రిపోర్టు వచ్చిన ప్రతిసారీ తిరుపతి నుంచి బావగారు ఫోన్ చేసి, "ఇంక మందులు మానెయ్యొచ్చుగా" అంటారు.

నిన్నటితో కాదు, మొదటి దానితో పోల్చండి

ఇవాళ నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి.

చికిత్స లేకుండా ఉన్న ఈ జాతి కణితులు ఏడాదికి సగటున 4 మిల్లీమీటర్ల వ్యాసం పెరుగుతాయని 2003లో ఫ్రాన్స్ డాక్టర్లు లెక్క కట్టారు. నాలుగు నెలలకు అది ఒక మిల్లీమీటరు పైచిలుకు. నాది ఇంకా నెమ్మది. తల కొద్దిగా వంకరగా పెట్టినా, మిషను మారినా, బొమ్మల ముక్కల మందం మారినా అంత తేడా ఊరికే వస్తుంది. అందుకని ప్రతి రిపోర్టులోనూ "గణనీయమైన మార్పు లేదు" అనే వస్తుంది. అది అబద్ధం కాదు. కిందటిసారితో పోలిస్తే నిజంగానే లేదు.

నాకు మూడున్నరేళ్లు అలాగే వచ్చింది. 2024 చివర్లో మా న్యూరో ఆంకాలజిస్టు ఇవాళ్టి స్కాన్ పక్కన కిందటిది కాకుండా, 2021లో సర్జరీ తర్వాత తీసినదాన్ని పెట్టారు. మిగిలిన ముక్క అప్పుడు 20 మిల్లీమీటర్లు. ఇప్పుడు 25.

అయిదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. మన ప్రసాదం లడ్డూని తలుచుకోండి. లడ్డూ వ్యాసం నాలుగోవంతు పెరిగితే, అందులో పట్టే బూందీ నాలుగోవంతు కాదు పెరిగేది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పెరుగుతాయి. 1.25ని మూడుసార్లు గుణించండి, 1.95 వస్తుంది. అంటే దాదాపు రెట్టింపు. మెట్టు మెట్టుకీ "మార్పు లేదు" అంటూనే మేడ మీదకు ఎక్కేశాం.

ఇందులో ఎవరి తప్పూ లేదు. రోజుకు ఎన్నో స్కాన్లు చూసే రేడియాలజిస్టు సహజంగా కిందటి స్కాన్‌నే పక్కన పెట్టుకుంటారు. అందుకని రిపోర్టు రాగానే "కంపారిజన్" అనే వరుస చూడండి. ఏ తేదీ స్కాన్‌తో పోల్చారో అక్కడ రాసి ఉంటుంది. ఏడాదికి ఒక్కసారైనా మొట్టమొదటి దానితో కూడా పోల్చి చూడమని డాక్టర్ని అడగండి. విసుక్కోరు. మంచి ప్రశ్న అంటారు.

అలా పోల్చాలంటే పాత స్కాన్లు మీ దగ్గర ఉండాలి. వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే రకం మిషను మీద తీయించుకోండి. ప్రతి స్కాన్ తర్వాత రిపోర్టుతో పాటు బొమ్మల సీడీ కూడా అడిగి తీసుకోండి. చట్టప్రకారం అది మీకు ఇవ్వాల్సిందే. ఇంట్లో ఒక డ్రైవ్ మీదకు ఎక్కించి, ఫోల్డరుకు తేదీ పేరు పెట్టండి. నేను హాస్పిటల్ మారినప్పుడు ఒక ఇమేజింగ్ సెంటరు నుంచి పాత బొమ్మలు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఇంట్లో ప్రతి ఉండబట్టి అపాయింట్‌మెంటు తప్పిపోలేదు.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. రేడియేషన్ తీసుకున్న కొత్తలో, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, స్కాన్‌లో కణితి పెరిగినట్టే కనబడి తర్వాత తగ్గిపోవడం జరుగుతుంది. అది చికిత్స రేపిన వాపు. పెరుగుదల కాదు. కాబట్టి ఒక్క స్కాన్ చూసి మంచికైనా చెడుకైనా నిర్ణయానికి రాకండి. డాక్టర్లే ఒక్కోసారి నాలుగు వారాలు, ఎనిమిది వారాలు ఆగి మళ్లీ తీసి చూస్తారు.

రిపోర్టు ముందే ఫోన్‌కి వస్తుంది

2016లో వచ్చిన చట్టం కింద, 2021 ఏప్రిల్ నుంచి పరీక్షల ఫలితాలు సిద్ధమైన వెంటనే రోగికి కనబడాలి. అంటే డాక్టరు చూడకముందే మీ ఫోన్ మోగుతుంది. శుక్రవారం సాయంత్రం వస్తే సోమవారం దాకా అడిగేవాళ్లు ఉండరు. అందుకని స్కాన్‌కి ముందే ఇంట్లో ఒక మాట అనుకోండి. ఎవరు తెరుస్తారు? తెరవకుండా డాక్టరు చెప్పేదాకా ఆగుదామా? మా ఇంట్లో నా భార్య తెరుస్తుంది, డాక్టర్ని కలిసేదాకా నాకు చెప్పదు. ఆవిడ మొహం చూసి ఊహించే ప్రయత్నం నేను చెయ్యను. ఇంకొకరింట్లో ఇంకోలా కుదరొచ్చు. ముందుగా అనుకోవడమే ముఖ్యం.

మన ఇళ్లకు సంబంధించిన నాలుగు మాటలు

ఇవి హాస్పిటల్ కాగితాల్లో ఉండవు. మనమే చెప్పుకోవాలి.

మంగళసూత్రం, నల్లపూసలు, మట్టెలు, మొలతాడుకు కట్టిన రక్షరేకు, చేతికి కట్టిన రాగి తీగ, జడపిన్నులు, రాళ్ల బొట్టుబిళ్లలు అన్నీ ఎమ్మారై గదిలోకి వెళ్లే ముందు తీసెయ్యాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పక ఒక పెద్దావిడ స్కాన్ మానుకుని వెనక్కి వచ్చేశారట. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి వేసుకుని వెళ్లండి. మన ఆచారంలో ఉన్నదే, అందులో లోహం లేదు. వెళ్లగానే టెక్నీషియనుకు చూపించి చెప్పండి.

ఫిట్స్ మందులు వేసుకునేవాళ్లు ఉపవాసమని పూట తప్పించకండి. మందు, దాంతో తాగే నీళ్లు వ్రతభంగం కాదని మన అర్చకస్వామే చెప్పారు. నిద్ర లేకపోవడం ఫిట్స్‌ని రేపుతుంది. కాబట్టి శివరాత్రికి జాగారం మీకు కాదు. సాయంత్రం అభిషేకం చూసి, ప్రసాదం తీసుకుని, ఇంటికెళ్లి పడుకోండి.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా అని చాలామంది అడుగుతారు. నేను చెప్పాను. మీరు చెప్పాలని నేననను. కానీ ఏళ్ల తరబడి ప్రతి నాలుగు నెలలకూ దాచాల్సిన విషయం ఇది. ఆ బరువు ఎంతో లెక్క వేసుకుని నిర్ణయించుకోండి.

ఉద్యోగం, ఇన్సూరెన్స్

స్కాన్‌కి ముందు ఇన్సూరెన్స్ ఆమోదం వచ్చిందో లేదో వారం ముందే ఫోన్ చేసి కనుక్కోండి. జనవరిలో డిడక్టిబుల్ మళ్లీ మొదటికొస్తుంది, ఆ లెక్కలో డబ్బు పక్కన పెట్టుకోండి. పాత జబ్బు ఉందని ఇన్సూరెన్స్ ఇవ్వమనడం 2014 నుంచి కుదరదు. 50 మందికి పైగా ఉన్న కంపెనీలో ఏడాది పనిచేసి ఉంటే, ఏడాదికి 12 వారాల దాకా జీతం లేని సెలవుకు చట్టం రక్షణ ఇస్తుంది. దాన్ని స్కాన్ రోజుకొకటి చొప్పున విడివిడిగా కూడా వాడుకోవచ్చు. ఉద్యోగం పోతే కోబ్రా కింద మామూలుగా 18 నెలలు పాత ఇన్సూరెన్స్ కొనసాగించుకోవచ్చు, ప్రీమియం మొత్తం మనమే కట్టాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు మాత్రం ఉద్యోగం పోయాక ఉండే గడువు 60 రోజులకు మించదు. మన కుటుంబాల్లో ఎక్కువమందికి నిద్ర పట్టనివ్వని లెక్క అదే. మన ఆలయంలో లాయర్లున్నారు. ముంచుకొచ్చాక కాదు, ముందే అడగండి.

కొత్త మందు సంగతి

2024 ఆగస్టు 6న ఎఫ్‌డీఏ వొరాసిడెనిబ్ అనే మాత్రను ఆమోదించింది. ఐడీహెచ్ మార్పు ఉన్న రెండో గ్రేడు కణితులకు, సర్జరీ తర్వాత వాడేది. 331 మంది రోగులు పాల్గొన్న పరీక్షలో, మందు వేసుకున్నవాళ్లలో కణితి పెరగకుండా ఉన్న కాలం మధ్యస్థంగా 27.7 నెలలు, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 11.1 నెలలు. ఇది కణితిని మాయం చేసే మందు కాదు, నెమ్మది చేసేది. ఆ 20కీ 25కీ తేడా తెలిశాక నేను ఇది మొదలుపెట్టాను. లివర్ మీద ప్రభావం ఉండొచ్చు కాబట్టి మొదటి రెండు నెలలు రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి రక్తపరీక్ష. ఊళ్లో ఎవరో ఇచ్చారని ఆకుపసరులూ పొడులూ దీంతో కలిపి వేసుకోవడం ఎందుకు ప్రమాదమో ఇక్కడే అర్థమవుతుంది. ఏది వేసుకున్నా డాక్టరుకు చెప్పాలి.

"పరీక్షల్లో చేరితే మనల్ని ఎలకల్లా వాడుకుంటారు" అనే మాట మనలో ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. మెదడులో వచ్చే మరో అరుదైన కణితి లింఫోమాకు ఇవాళ్టికీ అది ముఖ్యమైన మందు. ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటాం. ఆ మందును మొదట ఒంట్లోకి ఎక్కించుకున్నవాళ్ల పేర్లు మనకు తెలియవు. అరుదైన జబ్బుకు రోగులే తక్కువ కాబట్టి, ఒక్కొక్కరు చేరడమూ లెక్కలోకి వస్తుంది. మేరీలాండ్‌లోని బెతెస్డాలో జాతీయ క్యాన్సర్ సంస్థ ఇలాంటి అరుదైన కణితుల కోసమే ఎన్సీఐ–కనెక్ట్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. రెండో అభిప్రాయం కావాలనుకునేవాళ్లు దాని గురించి మీ డాక్టర్ని అడగండి.

మీ నుంచి కోరేది

చివరిగా, జబ్బు లేనివాళ్లకు మూడు మాటలు.

ఒకటి, కారు. ఫిట్స్ వచ్చినవాళ్లు రాష్ట్రాన్ని బట్టి కొన్ని నెలలు, కొన్నిచోట్ల ఏడాది డ్రైవ్ చేయకూడదు. ఈ దేశంలో కారు లేకపోతే గుడికీ రాలేరు. నన్ను ఎనిమిది నెలలు ఆదివారం గుడికి తీసుకొచ్చి దింపినవాళ్లు ఇక్కడే కూర్చున్నారు. వాళ్లు నా జబ్బు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నదానంలో పప్పు ఎక్కువైందా, కొత్త మైకు బాగుందా అని మాట్లాడేవాళ్లు. ఆ ఇరవై నిమిషాలు నేను మామూలు మనిషిని.

రెండు, మాట. "నీకేం కాదు, స్వామి ఉన్నాడు" అని ప్రేమతోనే అంటారు. స్వామి ఉన్నాడని నాకూ నమ్మకమే. కానీ ఆ మాట తర్వాత నా భయం చెప్పుకునే చోటు ఉండదు. "స్కాన్ ఎప్పుడు? ఆ రోజు పిల్లల్ని స్కూలు నుంచి మేం తెస్తాం" అనండి. అది చాలు. స్కాన్ అయిన మర్నాడే "ఏమొచ్చింది?" అని మెసేజ్ పెట్టకండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

మూడు, ఈ విషయం గొంతు తగ్గించకుండా మాట్లాడగలిగే చోటు ఒకటి కావాలి. కార్యవర్గం ఒప్పుకుంది. వచ్చే నెల నుంచి రెండో ఆదివారం మహాప్రసాదం తర్వాత లైబ్రరీ గదిలో నేను కూర్చుంటాను. సీడీలోంచి బొమ్మలు ఎక్కించుకోవడం, పోర్టల్ తెరవడం, డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు రాసుకోవడం, వీటిలో సాయం చేస్తాను. వైద్య సలహా ఇవ్వను, అది నా పని కాదు. ఏ జబ్బువాళ్లైనా రావచ్చు. ఎవరు వచ్చారన్నది ఆ గది దాటదు.

నా తర్వాతి స్కాన్ ఉగాది వెళ్లిన వారానికి. ఈసారి రెండు బొమ్మలు పక్కన పెట్టి చూస్తారు, కిందటిది ఒకటి, 2021 నాటిది ఒకటి. ఆ వారం అర్చన టికెట్ల కంప్యూటరు దగ్గర కూర్చోవడానికి ఒక వాలంటీరు కావాలి. ప్రింటరు ఆగితే ఏం చెయ్యాలో కాగితం మీద రాసి అంటించి వెళ్తాను.